స్కానింగ్ బొమ్మ ఫొటో కాదు

సికింద్రాబాద్ కార్ఖానాలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ అనగానే "కొత్త మెషీన్ ఎక్కడుంది?" అని వాకబు చేసేవాళ్లుంటారు. ముందుగా అడగాల్సింది ఒంటికి ఆనించే ప్రోబ్ పట్టే చేయి ఎవరిదని. ఎందుకంటే తెర మీద కనిపించేది ఫొటో కాదు, లెక్క. ప్రోబ్‌లోని స్ఫటికాలు కరెంటు తగలగానే కంపించి, మన చెవికి అందని శబ్దాన్ని ఒంట్లోకి పంపుతాయి. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తాయి. ఒంట్లో శబ్దవేగం సెకనుకు 1,540 మీటర్లని మెషీన్ ముందే అనుకుంటుంది. ఆ లెక్కన ప్రతిధ్వని రావడానికి పట్టే ప్రతి 13 మైక్రోసెకన్లకూ ఒక సెంటీమీటరు లోతు. కొవ్వులో వేగం తక్కువ కాబట్టి అక్కడ లెక్క కాస్త తప్పుతుంది. పైగా థైరాయిడ్‌కు వాడే 10 మెగాహెర్ట్జ్ శబ్దం సన్నని వివరం చూపిస్తుంది గానీ లోతుకు పోదు. కాలేయం చూడాలంటే 3, 4 మెగాహెర్ట్జ్‌కు దిగి, వివరం కొంత వదులుకోవాల్సిందే. ఎంత ఖరీదైన మెషీనూ ఈ బేరం తప్పించుకోలేదు.

ఇప్పుడు కొలతలు సాఫ్ట్‌వేరే తీస్తోంది కదా అనొచ్చు. నిజమే, ఆ మేరకు చేతి తేడా తగ్గుతుంది. కానీ చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య గాలి పొర ఉంటే శబ్దం దాదాపు అంతా అక్కడే వెనక్కి తిరుగుతుంది. చల్లగా పూసే ఆ జెల్ పని గాలిని తోసేయడమే. మరి పేగుల్లోని గ్యాస్‌కు ఏ జెల్ పూస్తాం? దాని వెనుక దాగిన క్లోమం నుంచి రాని ప్రతిధ్వనిని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. పేషెంటును తిప్పి, ప్రోబ్ వాల్చి, మరో దారి వెతకాల్సింది మనిషే. పిత్తాశయంలో ఉన్నది రాయా, లోగోడకు మొలిచే పాలిపా అన్నదీ చాలావరకు ఇలాగే తేలుతుంది: పేషెంటు పక్కకు తిరగ్గానే జారి, వెనుక నల్లని నీడ వేస్తే అది రాయి.