రెండర్ బార్ దగ్గర జాగారం

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. పొద్దున పదింటికి మా షార్ట్‌ఫిల్మ్ వెయ్యాలి. ముందురోజు రాత్రి పదకొండున్నరకి ఎక్స్‌పోర్ట్ నొక్కితే మా పాత డెస్క్‌టాప్ చూపించిన టైము: 11 గంటలు. సినిమా చూస్తే 12 నిమిషాలే!

ఒకసారి లెక్కేద్దాం. సెకనుకి 25 ఫ్రేములు, 12 నిమిషాలు, మొత్తం 18,000 బొమ్మలు. 11 గంటలంటే ఒక్కో బొమ్మకి 2.2 సెకన్లు. అంతసేపు ఏం చేస్తోంది ఇది? ఎక్స్‌పోర్ట్‌లో ప్రతి బొమ్మకీ మూడు పనులుంటాయి: ఫైల్లోంచి విప్పడం, ఎఫెక్టులు పూయడం, మళ్ళీ కుదించి మూటకట్టడం. ఎక్కడ ఇరుక్కుందో తెలియకుండా సెట్టింగులు కెలికితే తెల్లారిపోతుంది అంతే.

మాది నడుమ ఇరుక్కుంది. రెండు రాత్రి సీన్లలో నలుసులు కనిపిస్తున్నాయని నాయిస్ రిడక్షన్ పెట్టాను. పెట్టింది అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద, ఆ లేయర్ సినిమా మొత్తం పరుచుకుని ఉంది! ఈ ఎఫెక్టు ఒక్కో బొమ్మ కోసం పక్క బొమ్మల్ని కూడా చూస్తుంది కాబట్టి ఎండలో తీసిన సీన్లకి కూడా ఊరికే చాకిరీ చేస్తోంది. లేయర్‌ని ఆ రెండు సీన్లకే కత్తిరించా. 11 గంటలు నాలుగైంది. మీకు ఇంకా టైముంటే, అలాంటి బరువైన సీన్లని ముందే విడిగా రెండర్ చేసుకుని, ఆ ఫైళ్ళని టైమ్‌లైన్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా ఆ భారం మళ్ళీ పడదు.

తర్వాత మూటకట్టే పని. ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి క్విక్ సింక్ అని వీడియో కుదించడానికే ఒక విభాగం ఉంది. ఎన్విడియా కార్డుల్లో 2012 నుంచి ఎన్‌వెంక్ ఉంది. మాది నాలుగో తరం ఐ3, హెచ్.264 వరకూ దానికి చేతనవును. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ తీసి హార్డ్‌వేర్ పెట్టడమే. అదే బిట్‌రేట్‌లో నాణ్యత కాస్త తగ్గుతుంది, బిట్‌రేట్ కొంచెం పెంచితే సరి. టూ-పాస్ ఉంటే తీసెయ్యండి, అది సినిమా అంతా రెండుసార్లు తిరుగుతుంది. ల్యాబ్ మెషీన్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండి క్విక్ సింక్ కనిపించకపోతే, బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆపేసి ఉందేమో చూడండి.

విప్పడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఇప్పటి ఫోన్లు తరచుగా 4కే, హెచ్ఈవీసీలో తీస్తాయి. దాన్ని విప్పే హార్డ్‌వేర్ మా తరం ప్రాసెసర్‌లో లేదు, కష్టమంతా కోర్ల మీదే. "ప్రాక్సీలు పెట్టాం కదా" అంటారు. ప్రాక్సీ ఎడిటింగ్ సాఫీగా సాగడానికి, ఎక్స్‌పోర్ట్ మామూలుగా మళ్ళీ అసలు ఫైళ్ళనే తెరుస్తుంది. చివరికి కావాల్సింది 1080పీ అయితే, షూటింగప్పుడే ఫోన్‌లో 1080పీ, హెచ్.264 పెట్టేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. మాకు ఆ జ్ఞానం షూటింగ్ అయ్యాక వచ్చింది.

ర్యామ్ 4 జీబీ అయితే బ్రౌజర్ మూసెయ్యండి, లేకపోతే మెషీన్ హార్డ్‌డిస్క్‌ని ర్యామ్‌లా వాడుతూ నత్తలా నడుస్తుంది. ఎస్ఎస్‌డీ వేస్తే ప్రాజెక్టు చకచకా తెరుచుకుంటుంది గానీ, ప్రాసెసర్ దగ్గర ఇరుక్కున్న ఎక్స్‌పోర్ట్‌కి పెద్దగా ఒరిగేదేం ఉండదు. దుమ్ము మాత్రం దులపండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మా ఫ్యాన్‌లోంచి పరుపుకి సరిపడా దూది వచ్చింది.

ఒంటిగంటకి మళ్ళీ మొదలుపెడితే మూడున్నరకి అయిపోయింది. చూస్తే టైటిల్ కార్డులో "దర్శకత్వం"లో వత్తు ఊడిపోయి, త పక్కన వ విడిగా నిలబడింది! తెలుగు దినోత్సవం నాడు అది వేస్తే ఇంకేమన్నా ఉందా? మళ్ళీ రెండున్నర గంటలు కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. ఫాంటు మార్చి, అవే సెట్టింగులతో మొదటి 20 సెకన్లు మాత్రం ఎక్స్‌పోర్ట్ చేశాం. పాత ఫైల్లో ఆ ముక్క కోసేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో కాపీ పద్ధతిలో రెండూ అతికించాం. ఈ పద్ధతిలో బొమ్మల్ని విప్పడం, కుదించడం ఉండదు, ఉన్న డేటాని అలాగే పక్కపక్కన పేరుస్తుంది. అందుకే నిమిషం కూడా పట్టలేదు. ఒకటే షరతు, కోత కీఫ్రేమ్ దగ్గరే పడాలి, మిగతా ఫ్రేములు చాలావరకు మార్పుల్ని మాత్రమే దాచుకుంటాయి కాబట్టి. మాకు టైటిల్ తర్వాత ఒక సెకను నల్లతెర ఉంది, అతుకు అందులో కలిసిపోయింది.