40 శాతం పెట్టిన ఫ్యాన్ 100కి ఎందుకు వెళ్తోంది? డ్యూటీ సైకిల్ మార్చేది ఎవరో పట్టుకుందాం

మే నెల, మంత్రాలయం. బయట 42 డిగ్రీలు. లాడ్జి కౌంటర్ కింద సీసీటీవీ ఫుటేజీ దాచే చిన్న డబ్బా ఉందనుకోండి, లేదా మీ గదిలో రాస్‌ప్‌బెర్రీ పై 5. నిన్నటిదాకా నెమ్మదిగా తిరిగిన ఫ్యాన్ ఇవాళ ఒకటే గోల. మీరు ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. మరి ఎవరు మార్చినట్టు?

ముందు ఒక తేడా తెలుసుకోండి. డ్యూటీ సైకిల్ అంటే చిప్ ఇచ్చే ఆర్డర్. ఆర్‌పీఎం అంటే ఫ్యాన్ చేసి చూపించిన పని. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి ఆ ఆర్డర్ దాదాపు 25 కిలోహెర్ట్జ్ పల్స్‌గా వెళ్తుంది. ఆ వైరు ఊడిపోతే ఫ్యాన్ ఆగదు, ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. కాబట్టి రిజిస్టర్‌లో 40 శాతమే కనిపిస్తూ ఫ్యాన్ మాత్రం అరుస్తుంటే, చిప్‌ని తిట్టకండి, కనెక్టర్ చూడండి.

రిజిస్టర్ విలువే మారుతోందా? అప్పుడు అసలు కథ మొదలవుతుంది. ఈఎంసీ2301, మ్యాక్స్31790 లాంటి చిప్‌లకి ఆర్‌పీఎం మోడ్ ఉంది. ఇందులో మీరు చెప్పేది శాతం కాదు, “2000 ఆర్‌పీఎం కావాలి” అని. అది అందుకోవడానికి డ్యూటీని చిప్పే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎండాకాలం దుమ్ము బేరింగ్‌లో చేరి ఫ్యాన్ బిగుసుకుంటే, అదే 2000 కోసం నెలనెలా ఎక్కువ డ్యూటీ కావాలి. ఇది చిప్ తప్పు కాదు, ఫ్యాన్ ముసలిదవుతోందని అది చెప్పే కబురు. ఇంకో మెలిక: మామూలు ఫ్యాన్ ఒక చుట్టుకి 2 పల్స్‌లు పంపుతుంది. సెట్టింగ్‌లో 4 అని పెట్టి ఉంటే చిప్‌కి సగం స్పీడే కనబడుతుంది, పాపం అది డ్యూటీ పెంచుకుంటూ పోతుంది.

కరెంటు సంగతి కూడా చూడాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో వోల్టేజ్ పడిపోతే, ఫ్యాన్ చిప్ ఒక్కటే రీసెట్ అయ్యి, ప్రాసెసర్ ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉండొచ్చు. రిజిస్టర్లు డిఫాల్ట్‌కి వెళ్లిపోతాయి, మీ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆ విషయం తెలియదు. వాచ్‌డాగ్ కూడా ఇలాంటిదే: ఈఎంసీ2301లో దాన్ని ఆన్ చేసి ఉంటే, 4 సెకన్లు ప్రాసెసర్ నుంచి పలుకు లేకపోతే ఫ్యాన్‌ని ఫుల్‌కి తోసేస్తుంది. సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయినా బోర్డు కాలిపోకూడదని పెట్టిన కాపలా అది. గోల భరించలేక దాన్ని ఆఫ్ చేయడం మాత్రం నాకు నచ్చదు. మన ఎండల్లో అసలొద్దు.

పై 5లో ఇంత తతంగం లేదు. 50 డిగ్రీలకు 30 శాతం, 60కి 50, 67.5కి 70, 75కి ఫుల్. తగ్గేటప్పుడు 5 డిగ్రీల తేడా ఉంటుంది. అంటే 50 దగ్గర ఆన్ అయిన ఫ్యాన్ ఆగాలంటే చిప్ 45 కిందికి దిగాలి. గదే 42 ఉంటే అది ఎక్కడ దిగుతుంది? బెంగళూరులో ఆగే ఫ్యాన్ ఇక్కడ ఆగకపోవడం లోపం కాదు. నచ్చకపోతే కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ హద్దులు మార్చుకోవచ్చు, కానీ పై హద్దు జోలికి వెళ్లకండి.

లినక్స్ పీసీ అయితే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ విలువ చూడండి. 1 అంటే మాన్యువల్, 2 లేదా ఆపైన అంటే ఆటోమేటిక్. ఆటోమేటిక్‌లో ఉండగా మీరు రాసిన నంబర్ నిలవకపోవచ్చు. స్లీప్ నుంచి లేచాక బయోస్ దాన్ని మళ్లీ ఆటోకి తిప్పడం కూడా జరుగుతుంది.

ఇంకా అర్థం కాకపోతే డ్యూటీ, ఆర్‌పీఎం, టెంపరేచర్ మూడింటినీ టైమ్‌తో సహా ఒక రోజంతా లాగ్ చేయండి. టెంపరేచర్‌తో పాటు డ్యూటీ పెరిగితే ఎండ. టెంపరేచర్ కదలకుండా డ్యూటీ ఒక్కసారిగా ఎగిరితే రీసెట్, లేదా వాచ్‌డాగ్. ఆర్‌పీఎం అలాగే ఉండి డ్యూటీ వారాల తరబడి మెల్లగా ఎక్కుతుంటే బ్రష్ తీసుకుని దుమ్ము దులపండి. అయినా తగ్గకపోతే ఫ్యాన్ మార్చండి, చిప్‌ని కాదు.