మార్వెల్ సినిమాల్ని ఏ వరసలో చూడాలి?

‘ఐరన్ మ్యాన్’ 2008లో వచ్చింది. ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ వచ్చింది 2011లో. కానీ దాని కథ చాలావరకు రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే నడుస్తుంది. మరి ఏది ముందు చూడాలి?

ఈ చిక్కు ఎందుకు?

ఈ హీరోలందరిదీ ఒకే లోకం. ఒకరి కథలో జరిగింది మిగతావాళ్ల కథల్లోనూ జరిగినట్టే లెక్క. ఈ పద్ధతి కామిక్స్ నుంచి వచ్చింది. 1960ల్లో స్టాన్ లీ, జాక్ కిర్బీ వంటి మార్వెల్ కామిక్స్ సృష్టికర్తలు ఒక హీరో పుస్తకంలోకి ఇంకో హీరోని తెచ్చేవారు. పాత సంగతి ప్రస్తావనకొస్తే చుక్క గుర్తు పెట్టి, అది ఏ సంచికలో ఉందో అక్కడే చిన్న అక్షరాల్లో చెప్పేవారు.

ఎలా చూడాలి?

మొదటిసారైతే విడుదలైన వరసే మేలు. 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ చివర్లో నిక్ ఫ్యూరీ అనే పాత్ర చేతిలోంచి ఒక పేజర్ జారిపడుతుంది. దాని తెర మీద ఎరుపు, నీలం రంగుల మధ్య బంగారు నక్షత్రం వెలుగుతుంది. ఆ గుర్తు ఎవరిది? జవాబు 2019 నాటి ‘కెప్టెన్ మార్వెల్’లో దొరుకుతుంది. ఆ కథ జరిగేదేమో 1995లో! కథాకాలం చూసుకుని దాన్ని ముందే చూసేస్తే, విప్పేశాక పొడుపుకథ వేసినట్టే. రెండోసారి మాత్రం కథాకాలం వరసలో చూడండి. ఏ సంఘటన దేనికి దారితీసిందో తేలిగ్గా తెలుస్తుంది.