నడివయసు మగవారూ! నడుం కొలుచుకున్నారా?

కిందటి వేసవిలో ఒకరోజు పెదపాడు దగ్గరి గ్రామం నుంచి యాభై ఏళ్ళ చేపల రైతు ఒకాయన నా దగ్గరకు వచ్చారు. కాళ్ళు తిమ్మిరులు, రాత్రిళ్ళు మూడుసార్లు మూత్రానికి లేవడం ఆయన బాధ. పరీక్ష చేయిస్తే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది. రక్తపోటు కూడా ఉంది.

"మందులతోపాటు మీరు బరువు తగ్గాలి" అన్నాను.

ఆయనకు కష్టం తోచింది. "నేను లావేంటండీ? మా నాన్న నాకు రెట్టింపు తినేవాడు. ఎనభై ఏళ్ళు బతికాడు. ఒక్కరోజు ఆసుపత్రి మెట్టెక్కలేదు" అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆ తండ్రి నాగలి పట్టినవాడు. ఊడ్పులు, కోతలు, నూర్పిళ్ళు ఎరిగినవాడు. కొల్లేటి అంచున వరిచేలు ఒకటొకటిగా చేపల చెరువులయ్యాయి. కొడుకు చెరువుగట్టు దాకా మోటారుసైకిలు మీద వెళతారు. మేత కూలీలు వేస్తారు. పని తగ్గింది, కంచం మాత్రం తగ్గలేదు. మిగిలిపోయినదంతా పొట్ట దగ్గర చేరుతుంది.

టేపు తీసి ఆయన నడుం కొలిచాను. 101 సెంటీమీటర్లు. ఆయన ఊరుకోలేదు. "మరి మీదెంతండీ డాక్టరుగారూ?" అన్నారు. పక్కనున్న నర్సమ్మ నవ్వు ఆపుకుంది. నిజం చెప్పాలంటే, ఎన్నో ఏళ్ళుగా ఇతరులకు సలహాలిస్తున్న నేను నా నడుం ఒక్కసారీ కొలుచుకోలేదు. కొలిస్తే 97 వచ్చింది!

లుంగీ నిజం చెప్పదు

మన మగవారికి లావు తెలియకపోవడానికి ఒక కారణం మన దుస్తులే. లుంగీ, పంచె ఎంత నడుమునైనా సర్దుకుంటాయి. ప్యాంటు వేసుకునేవారు "పదేళ్ళుగా నాది అదే సైజు" అంటారు. ప్యాంటు బొజ్జ కిందకు జారిన సంగతి గమనించరు. కనుక టేపే దిక్కు.

చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగా నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి బిగించకూడదు. మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు హద్దు. అది దాటితే మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

బరువుకూ ఒక లెక్క ఉంది. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించండి. మనవారికి ఆ అంకె 18.5 నుంచి 23 లోపు ఉండటం మంచిది. 25, ఆపైన అయితే స్థూలకాయమే. ఐదడుగుల ఐదంగుళాల మనిషి సుమారు 50 నుంచి 62 కిలోల మధ్య ఉండాలన్నమాట.

సన్నగా కనిపించినా...

"పాశ్చాత్యులకంటే మనకు హద్దు ఎందుకు తక్కువ?" అని అడగవచ్చు. 2004లో పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే పోల్చి చూపారు. పైన చెప్పిన లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2 వంతులు! మనకు చేతులు, కాళ్ళు సన్నగానే ఉంటాయి. కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరి ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. దానికితోడు నడివయసులో కండ కరగడం మొదలవుతుంది. అందుకే పాతికేళ్ళప్పుడు అరిగిన అన్నమే యాభైలో బొజ్జ అవుతుంది.

ఇది పట్నవాసుల జబ్బని అనుకోకండి. 2004 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను పరిశీలించారు. సుమారు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. పల్లెగాలి ఒక్కటే మనల్ని కాపాడదు.

కంచంలో ఏం మార్చాలి?

అన్నం మానమని నేను చెప్పను. డెల్టా మనిషికి ఆ మాట చెబితే మళ్ళీ ఆసుపత్రికి రాడు! కాని రోజుకు వంద గ్రాముల బియ్యం తగ్గిస్తే 350 కేలరీలు తగ్గుతాయి. ముందుగా కూర, పప్పు ఎక్కువ పెట్టుకుని, తరువాత అన్నం వడ్డించుకోండి. రెండోసారి అన్నం బదులు పల్చని మజ్జిగ తాగండి.

చేప మంచిదే. శీలావతి, బొచ్చె పులుసుగా తినండి, వేపుడు ఎప్పుడో ఒకసారి. చెంచాడు నూనెకు 45 కేలరీలు. రోజుకు ఆరు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అయితే 240 కేలరీలు టీలోనే చేరతాయి. సాయంత్రం బజ్జీలు, పునుగులు సరేసరి. మద్యం అరవై మిల్లీలీటర్ల పెగ్గుకు సుమారు 140 కేలరీలు. నంజుకునేవి వేరే లెక్క.

ఇంట్లో ఆడవారికి ఒక మనవి: కొసరి కొసరి వడ్డించడమే ప్రేమ అనుకోకండి.

చెరువుగట్టే వ్యాయామశాల

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అవసరం. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. మోటారుసైకిలును రోడ్డు మీదే ఆపి గట్టంతా నడవండి. వారానికి రెండురోజులు గుంజీలు, బరువులెత్తడం వంటివి చేస్తే కండ నిలుస్తుంది.

ఇలా చేస్తే ఫలితముందా? చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్నవారిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ చికిత్సా లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక సరిచేసుకున్నవారిలో 39 మందికే వచ్చింది.

కొన్ని జాగ్రత్తలు

వారంలో పదికిలోలు తగ్గిస్తామనే పొడులను నమ్మకండి. నెలకు ఒకటి, రెండు కిలోలు తగ్గితే చాలు. ఇప్పుడు వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లను డాక్టరు చెప్పకుండా తీసుకోవద్దు. షుగరు మాత్రలు వాడేవారు భోజనం మానేస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. నడిచేటప్పుడు ఛాతీ బిగపట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించుకోండి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. క్షయ, మధుమేహం, మరే జబ్బైనా కావచ్చు. పరీక్షలు తప్పనిసరి.

ఆ చేపల రైతు సంగతి చెప్పి ముగిస్తాను. ఎనిమిది నెలలైంది. మందులు వాడుతూనే ఉన్నారు. ఆయన నడుం 101 నుంచి 95కు వచ్చింది. నాది 97 నుంచి 92. ఇద్దరం ఇంకా హద్దు దాటే ఉన్నాం. వచ్చినప్పుడల్లా ముందు నన్ను కొలిచాకే తనను కొలవనిస్తున్నారు. ఈ పందెంలో ఎవరు గెలిచినా ఇద్దరికీ లాభమే.

మీ ఇంట్లో కుట్టుపని టేపు ఉండే ఉంటుంది. ఈ పేజీ మూశాక ఒకసారి తీయండి.