టెస్టోస్టిరాన్ పెంచుతాయనే పెప్టైడ్‌లు

పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన గొలుసు. మగవారిలో టెస్టోస్టిరాన్ తయారీకి ఆదేశం ఇచ్చేదీ ఒక పెప్టైడే. మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే ఆ హార్మోన్ పేరు జీఎన్‌ఆర్‌హెచ్. అందులో ఉన్నవి 10 అమైనో ఆమ్లాలు మాత్రమే. అది పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపిస్తే ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఎల్‌హెచ్ వృషణాల చేత టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. మెదడులో పుట్టే ఇలాంటి పెప్టైడ్ హార్మోన్లను కనుగొన్నందుకు ఆండ్రూ షాలీ, రోజర్ గియెమాన్ 1977 వైద్య నోబెల్‌లో వాటా పొందారు.

పెప్టైడ్‌లతో టెస్టోస్టిరాన్ పెరుగుతుందనే ప్రకటనలకు ఆసరా ఈ నిజమే. అయితే మింగిన పెప్టైడ్‌లో చాలా భాగం, పప్పులోని ప్రోటీన్ లాగే, కడుపులో, పేగుల్లో జీర్ణమైపోతుంది. ఇన్సులిన్‌ను సూదితో ఇవ్వాల్సి రావడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

ఇంజెక్షన్‌తోనూ పని తేలిక కాదు. జీఎన్‌ఆర్‌హెచ్ సహజంగా సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి విడతలుగా వెలువడుతుంది. ఆ విరామం లేకుండా ప్రభావం ఎడతెగక కొనసాగితే పిట్యూటరీ స్పందించడం మానేస్తుంది, టెస్టోస్టిరాన్ అట్టడుగుకు పడిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో జీఎన్‌ఆర్‌హెచ్ లాగే పనిచేసే ల్యూప్రోలైడ్ అనే మందు ఇచ్చేది సరిగ్గా ఇందుకే. పెంచుతుందని వాడింది తగ్గించే ప్రమాదం ఇక్కడ నిజంగానే ఉంది.

జీఎన్‌ఆర్‌హెచ్‌ను ప్రేరేపించే కిస్‌పెప్టిన్‌ను లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పురుషులకు రక్తనాళం ద్వారా ఎక్కించినప్పుడు ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ పెరిగాయి. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. అది ఆస్పత్రి పర్యవేక్షణలో జరిగిన కొద్దిసేపటి ప్రయోగం. నెలల తరబడి వాడితే కండ, ఓపిక పెరుగుతాయని దానివల్ల తేలలేదు. జిమ్‌లలో వినిపించే ఇపామోరెలిన్ అనే పెప్టైడ్ టెస్టోస్టిరాన్‌ను కాదు, గ్రోత్ హార్మోన్‌ను పెంచే రకం. పోటీ క్రీడాకారులకు అది నిషిద్ధం.

టెస్టోస్టిరాన్ బూస్టర్లలో తరచు కలిపే డి-ఆస్పార్టిక్ ఆమ్లం ఒంటరి అమైనో ఆమ్లం, పెప్టైడ్ కాదు. 2009లో ఇటలీలో 12 రోజుల చిన్న అధ్యయనంలో దానివల్ల టెస్టోస్టిరాన్ 42 శాతం పెరిగింది. ప్రకటనకర్తలు చెప్పేది ఇంతవరకే. 2013లో వ్యాయామం చేసే యువకుల్లో 28 రోజుల తర్వాత తేడా కనిపించలేదు. 2015 అధ్యయనంలో రోజుకు 6 గ్రాములు తీసుకున్నవారిలో టెస్టోస్టిరాన్ తగ్గింది.

నీరసం, కోరిక తగ్గడం వేధిస్తుంటే ముందు డాక్టర్‌ను కలవండి. టెస్టోస్టిరాన్ లోపాన్ని నిర్ధారించడానికి వేర్వేరు రోజుల్లో ఉదయం పూట, పరగడుపున కనీసం రెండు రక్తపరీక్షలు కావాలి. స్థూలకాయం, నిద్రలేమి, మధుమేహం వంటి కారణం బయటపడితే చికిత్స దానికే. పరిశోధన కోసం మాత్రమే అని రాసి అమ్మే సీసాల్లోని మందును దయచేసి ఒంట్లోకి ఎక్కించుకోవద్దు.