ఆడియో డిలీట్ అయిన పాటలకి ట్యూన్ కట్టిన గరిమెళ్ళ

గిటార్ తగిలించుకుని, సొంతంగా పాట రాసుకుని, తనే పాడేసే అమెరికన్ ఇండీ సింగర్లు మన ప్లేలిస్టుల్లో బోలెడుమంది. తిరుపతిలోనూ అలాంటాయన ఒకరున్నారు. కాకపోతే గిటార్ బదులు తంబూరా. పేరు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్.

పేరు తెలీకపోయినా ఆయన ట్యూన్ మీకు తెలుసు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ విన్నారుగా? ఆ బాణీ ఆయనదే. అన్నమయ్యే అలా పాడి ఉంటాడని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక కంపోజర్‌కి ఇంతకంటే పెద్ద కాంప్లిమెంట్ ఏముంటుంది!

1408లో పుట్టిన తాళ్ళపాక అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు. రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. పోనీ దక్కినవైనా పాడుకుందామంటే, రేకు మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరుంది, స్వరాలు మాత్రం లేవు. లిరిక్స్ ఫైల్ దొరికింది, ఆడియో ఫైల్ డిలీట్ అయిపోయింది అన్నమాట. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కొన్నిటికి బాణీలు కట్టారు. మిగిలినవి వేలల్లో ఉన్నాయి.

1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో గాయకుడిగా చేరేనాటికి బాలకృష్ణప్రసాద్ వయసు ముప్పైకి అటూఇటూ. పుట్టింది రాజమండ్రిలో. నేదునూరి కృష్ణమూర్తి దగ్గర నేర్చుకున్న శాస్త్రీయ సంగీతం చేతిలో ఉంది. సంగతుల మీద సంగతులు వేసి విద్వాంసుల చేత ‘భేష్’ అనిపించుకోవచ్చు. కానీ అలా కడితే ఆ పాట సభ దాటి బయటికి రాదు. కొండకొచ్చే భక్తుడు రెండుసార్లు వింటే మూడోసారి గొంతు కలపాలి. అందుకే రాగం చెడకుండా, మాట మింగకుండా, పల్లవి తేలిగ్గా నోటికొచ్చేలా కట్టారు. వినడానికి సింపుల్‌గా ఉంటుంది గానీ, కట్టడం కష్టం. అలా ఆయన ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలిచ్చారు.

టీటీడీలో ఉద్యోగం చేసినాయన ఇండీ ఎలా అవుతాడు అంటారా? న్యాయమే. అయితే ఆయన సొంతంగా కీర్తనలు కూడా రాశారు. ఆంజనేయుడి మీద రాసినవి మరీ ఇష్టంగా పాడేవారు. అన్నమయ్య నీడలో పడి వాటికి రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది.

2006లో రిటైరయ్యాక కూడా పాడుతూనే ఉన్నారు. 2025 మార్చి 9న తిరుపతిలోనే కన్నుమూశారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ‘వినరో భాగ్యము’ వినండి, తర్వాత ఆ ఆంజనేయ కీర్తనలు వెతకండి.