ఒక రొట్టె, రెండు వాక్యాలు

మీరేం నమ్ముతారని ఆంగ్లికన్లను, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు క్రైస్తవులను, అడిగితే సూటిగా జవాబు రాదు. చేతిలో ఒక ప్రార్థన పుస్తకం పెట్టి, ఆదివారం చర్చికి రమ్మంటారు. అది తప్పించుకోవడం కాదు. ఎలా ప్రార్థిస్తామో అలాగే విశ్వసిస్తామన్నది వాళ్లలో పాతకాలం నుంచి నడుస్తున్న సూత్రం.

అమెరికాలో ‘సంప్రదాయ ఆంగ్లికన్’ అని బోర్డు పెట్టుకున్న చిన్న చిన్న సంఘాలున్నాయి. కొన్నిచోట్ల ఆదివారం ఇరవై ముప్పై మంది వస్తే పండగే. చాలామటుకు వీళ్ల చేతిలో ఉండేది 1928 నాటి అమెరికా ప్రార్థన పుస్తకం. దానికి తాత 1662 నాటి ఇంగ్లండు పుస్తకం. ముత్తాత 1549లో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ కూర్చిన మొదటి పుస్తకం. అది వచ్చినప్పుడు డెవన్, కార్న్‌వాల్ జనం ఏకంగా తిరగబడ్డారు. లాటిన్ తీసేసి ఇంగ్లీషులో ఆరాధన ఏమిటి, క్రిస్మస్ ఆటలా ఉందని వాళ్ల మంట. ఇవాళ్టి ఛాందసులు గుండెకు హత్తుకుంటున్నది ఆనాటి ఛాందసులు వద్దుపొమ్మన్న పుస్తకపు మునిమనవణ్ణే.

ఆరాధన క్రమమంతా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఒక్క ఘట్టం దగ్గర ఆగుదాం. బలిపీఠం ముందు చెక్క కమ్మీ ఉంటుంది. ప్రభు భోజన సంస్కారం తీసుకునేవాళ్లు దాని దగ్గర వరసగా మోకరించి దోసిలి పడతారు. గురువు ఒక్కొక్కరికీ రొట్టె పెడుతూ రెండు వాక్యాలు చెబుతాడు. మొదటిది 1549 నాటిది. ఇది క్రీస్తు శరీరం, నిన్ను కాపాడుగాక అని దాని భావం. ఆయన ఈ రొట్టెలో నిజంగా ఉన్నాడని నమ్మేవాడికి ఆ మాట చాలు. 1552లో సంస్కరణ గాలి ఇంకా గట్టిగా వీచేసరికి ఆ వాక్యం ఎగిరిపోయింది. ఆయన నీ కోసం చనిపోయాడని తలచుకుంటూ తిను అనే భావంతో వేరే వాక్యం వచ్చింది. రొట్టె రొట్టే, తలపే ముఖ్యమనేవాడికి ఇది సరిపోయింది. 1559లో, ఎలిజబెత్ రాణి వచ్చాక, రెండు వాక్యాలనూ పక్కపక్కన చేర్చేశారు. ఇప్పటికీ అంతే. కమ్మీ దగ్గర పక్కపక్కనే ఉన్న ఇద్దరు ఒకే రొట్టె తిని, చెరో వాక్యానికి లోలోపల ఆమెన్ చెప్పుకుని లేచి వెళ్లొచ్చు. మన ఊరి పెద్దమనుషులైనా ఇంతకన్నా నేర్పుగా తగువు తీర్చలేరు.

మిగతా నమ్మకాల్లో దాపరికమేమీ లేదు. అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణాలు నోటికి వస్తాయి. బిషప్పు, గురువు, డీకను అనే మూడంచెల సేవ ఉంది. తలమీద చేతులుంచి బిషప్పును అభిషేకించే వరస అపొస్తలుల దాకా తెగకుండా సాగుతోందని గట్టి నమ్మకం.

ఆ వరసే వీళ్లను ఇరుకున పెట్టింది. 1976లో మినియాపోలిస్‌లో, అమెరికాలోని ప్రధాన ఆంగ్లికన్ సంఘమైన ఎపిస్కోపల్ చర్చి మహాసభ స్త్రీలను గురువులుగా అభిషేకించడానికి ఒప్పుకుంది, కొత్త ప్రార్థన పుస్తకానికి తొలి ఆమోదమూ తెలిపింది. మరుసటి సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో అవి నచ్చనివాళ్లు దాదాపు 2 వేల మంది చేరి, మేం పాత దారిలోనే పోతామన్నారు. సరే, మరి బిషప్పులెక్కడి నుంచి వస్తారు? ఒకరిని అభిషేకించడానికి కనీసం ముగ్గురు బిషప్పులుండాలని 325లోనే నైసియా సభ నియమం పెట్టింది. 1978 జనవరిలో డెన్వర్‌లో వీళ్ల బిషప్పుగా చార్లెస్ డోరెన్‌ను అభిషేకించడానికి వచ్చిన బిషప్పులు ఇద్దరే. మూడో ఆయన కొరియా నుంచి సమ్మతి పత్రం పంపాడు. సరిపోయిందని వీళ్లు, చెల్లదని అవతలివాళ్లు. ఆ డోరెన్ కొద్దేళ్లకే బయటికి వెళ్లి మరో చర్చి పెట్టాడు. దాని పేరులో మొదటి మాట ‘యునైటెడ్’.

ముక్కలైన ఈ సంఘాలన్నింటినీ కలిపి ఉంచుతున్నది ప్రార్థన పుస్తకంలోని పాత భాష. దేవుణ్ణి ‘దౌ’ అని పిలవడం వీళ్లకు ప్రాణం. ఇవాళ్టి ఇంగ్లీషు చెవికి అది మహా గౌరవంగా వినిపిస్తుంది గానీ, నిజానికది మన ‘నువ్వు’. తాతగారిని మీరు అంటూ దేవుణ్ణి నువ్వు అనే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వ్యావహారిక అనువాదాలొచ్చినా గ్రాంథిక బైబిలే చంకన పెట్టుకుని చర్చికి వెళ్లే మన పెద్దలకైతే అసలే అక్కర్లేదు. ఆ మాటకొస్తే మనవైపూ ఈ పట్టుదల ఉంది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది కలవలేదు. కలవడానికి 1975 దాకా పట్టింది.

ఆ ప్రార్థన పుస్తకంలో నాకు నచ్చింది కీర్తనల లెక్క. 150 కీర్తనలను 60 భాగాలు చేసి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున నెలకోసారి పూర్తి చేస్తారు. 1662లో అపొస్తలుల పత్రికలకూ సువార్తలకూ 1611 నాటి బైబిలు అనువాదం తెచ్చారు. కీర్తనలు మాత్రం జనం నోట నలిగిన, కవర్‌డేల్ అనువదించిన పాత పాఠంలోనే ఉంచేశారు. 31 రోజులున్న నెలల్లో చివరి రోజున 30వ తేదీ కీర్తనలనే మళ్లీ చదువుతారు. చూద్దామని మీరెప్పుడైనా వెళ్తే 15వ తేదీ సాయంత్రం మాత్రం వద్దు. ఆ పూట 78వ కీర్తన, 70కి పైగా వచనాలు, పాత అలవాటు ప్రకారమైతే నిలబడి.